"న్యూట్రలైజ్", "కొలాటరల్ డ్యామేజ్", "పోలీస్ యాక్షన్"... ఈ మిలిటరీ మాటల వెనక అసలు జరిగేదేంటి?

పాలకొల్లు కుర్రాడు

ఆపరేషన్ సిందూర్ రోజుల్లో అందరిలాగే నేనూ టీవీకి అతుక్కుపోయాను. అప్పటినుంచి ఒక డౌట్ బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ ప్రెస్ మీట్లలో వాడే మాటలు వింటుంటే అక్కడ మనుషులు చచ్చిపోతున్నారా, లేక ఏదైనా ఆఫీసులో ఫైళ్లు సర్దుతున్నారా అన్నట్టుంటుంది. మే 7 పొద్దున "ఫోకస్డ్, మెజర్డ్, నాన్ ఎస్కలేటరీ" అన్నారు, అంటే గురిచూసి, కొలిచి, గొడవ పెరగకుండా కొట్టామని. బస్తర్ వార్తల్లో ఎప్పుడూ "న్యూట్రలైజ్". గాజాలో ఫలానా చోటు "హ్యుమానిటేరియన్ జోన్" అంటారు, కొన్నాళ్లకి అక్కడే బాంబులు పడ్డాయని ఇంకో వార్త వస్తుంది.

ఇవన్నీ ఎవరు పుట్టిస్తారు? వీటికి ఏదైనా పక్కా అర్థం ఉంటుందా, లేక వినడానికి బాగుండాలని వాడేస్తారా? ఆర్మీలో చేసినవాళ్లు, హిస్టరీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దేశభక్తి క్లాసులు వద్దు, దేశద్రోహి సర్టిఫికెట్లూ వద్దు, ప్లీజ్.

డాలస్ దొరబాబు

బ్రో, వినడానికి బాగుండటం అనేది పైపై సంగతి. ఒక్కో మాటకి ఒక్కో పని అప్పజెప్పి ఉంటారు. ఆ పనేంటో పట్టుకుంటే చాలు.

కొలాటరల్ డ్యామేజ్, అంటే వేరేదాన్ని కొడుతుంటే పక్కన తగిలిన దెబ్బ, దాని సంగతి చూద్దాం. 2015 అక్టోబర్ 3, అఫ్ఘానిస్తాన్‌లో కుందూజ్. అక్కడ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ల ట్రామా ఆసుపత్రి ఉంది. రాత్రి రెండు దాటాక అమెరికా ఏసీ-130 గన్‌షిప్, అంటే తుపాకులు బిగించిన యుద్ధ విమానం, వచ్చి దాదాపు గంటసేపు ఆ ఆసుపత్రి మెయిన్ బిల్డింగ్ మీదే కాల్చింది. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్లు ఉన్నది అందులోనే. ఆసుపత్రి వాళ్లు తమ జీపీఎస్ కోఆర్డినేట్లు ముందే సైన్యానికి ఇచ్చి ఉంచారు, కాల్పులు జరుగుతుంటే ఫోన్లు కూడా చేశారు. 42 మంది పోయారు, అందులో 24 మంది రోగులు, 14 మంది సిబ్బంది, మిగతా నలుగురు రోగుల వెంట వచ్చినవాళ్లు. ఇంత జరిగాక అమెరికా సైన్యం మొదట ఇచ్చిన ప్రకటన సారం ఏంటంటే, సైన్యానికి ముప్పుగా ఉన్న వ్యక్తుల మీద దాడి చేశాం, దానివల్ల దగ్గర్లో ఉన్న ఒక వైద్య కేంద్రానికి కొలాటరల్ డ్యామేజ్ జరిగి ఉండవచ్చు అని.

ఆ వాక్యంలో ప్రతి ముక్కా ఏదో ఒకటి మోస్తోంది చూడు. "దగ్గర్లో ఉన్న" అంటే గురి ఇంకెక్కడో పెట్టామని. "వైద్య కేంద్రం" అంటే ఆసుపత్రి అన్నమాట నోటితో అనకుండా తప్పించుకోవడం. "జరిగి ఉండవచ్చు" అంటే జరగకపోయినా పోవచ్చని. నిజానికి వాళ్లు గురిపెట్టి కాల్చిన బిల్డింగే అది, వేరే బిల్డింగ్ అనుకుని కాల్చామని తర్వాత విచారణలో వాళ్లే తేల్చారు. మరి పక్కన తగిలిన దెబ్బ ఎలా అవుతుంది? ఎందుకీ తంటా అంటే, యుద్ధ చట్టాల ప్రకారం పౌరుల్ని కావాలని చంపితే నేరం. సైనిక లక్ష్యాన్ని కొడుతుంటే, ఆ ప్రయోజనంతో పోల్చి చూసినప్పుడు మరీ మితిమీరకుండా పక్కన కొందరు పోతే అది వెంటనే నేరం కాదు. కాబట్టి తెల్లారేలోపే "కొలాటరల్" అనే సంచిలో వేసేస్తే, విచారణ మొదలవకముందే "కావాలని చేయలేదు" అన్న తీర్పు వచ్చేసినట్టే. 2016లో 16 మంది మీద శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు, క్రిమినల్ కేసు మాత్రం ఒక్కరి మీదా పెట్టలేదు.

కాబూల్‌లో 2021 ఆగస్టు 29న డ్రోన్ దాడి కూడా ఇలాంటిదే. అమెరికన్ సహాయ సంస్థలో పనిచేసే ఒకాయన కారులో నీళ్ల క్యాన్లు ఎక్కిస్తుంటే బాంబులనుకుని ఇంటి ముందే కొట్టారు. పదిమంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. అప్పటి టాప్ జనరల్ మిల్లీ దాన్ని "రైచస్ స్ట్రైక్" అన్నాడు, ధర్మబద్ధమైన దాడి అని! పత్రికలవాళ్లు వెంటపడి తవ్వాక సెప్టెంబర్ 17న పెంటగాన్ పొరపాటు జరిగిందని ఒప్పుకుంది.

వియత్నాం కాలం అయితే ఈ మాటలకి స్వర్ణయుగం. 1966లో ఒక ఆపరేషన్‌కి "మాషర్" అని పేరు పెడితే, పచ్చడి చేసేదన్నట్టుంది, జనం ఏమనుకుంటారు అని ప్రెసిడెంట్ జాన్సన్‌కి చిరాకేసి "వైట్ వింగ్" అని మార్పించారు. పేరు మారింది, బాంబులు మారలేదు. కంబోడియా మీద 1969-70లో రహస్యంగా బాంబులు వేసిన ఆపరేషన్ పేరు "మెనూ". అందులో విడివిడి దాడుల పేర్లు బ్రేక్‌ఫాస్ట్, లంచ్, స్నాక్, డిన్నర్, డెజర్ట్, సప్పర్. జోక్ కాదు, నిజం. ఆ దేశంలోనే తర్వాత ఒక అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ కల్నల్ విలేకరుల మీద విసుక్కున్నాడు, ఎప్పుడూ బాంబింగ్ బాంబింగ్ అని రాస్తారేంటి, అది బాంబింగ్ కాదు, ఎయిర్ సపోర్ట్ అని. అమెరికాలో ఇంగ్లిష్ టీచర్ల సంఘం 1974లో ఇలాంటి మాటలకని ఒక వెక్కిరింపు అవార్డు పెట్టి, మొదటి ఏడాది ఆయనకే ఇచ్చింది.

అన్నట్టు ఇక్కడ "డిఫెన్స్" శాఖ అసలు పేరు "వార్" శాఖ. 1947లో సైన్యాలన్నీ ఒక గొడుగు కిందికి తెచ్చి, 1949లో డిఫెన్స్ అని స్థిరపరిచారు. మొన్న 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ మళ్లీ "డిపార్ట్‌మెంట్ ఆఫ్ వార్" అని కూడా వాడుకోవచ్చని ఆర్డర్ ఇచ్చాడు. కనీసం బోర్డు మీదైనా నిజం రాశాడని మా ఆఫీసులో ఒకాయన సంబరపడ్డాడు.

మాజీ హవల్దార్, మార్కాపురం

తమ్ముడూ, టీవీలో వినపడే మాటల సంగతి నాకంత తెలీదు గానీ, కాగితాల మీద రాసే మాటలు ఎంత పని చేస్తాయో సర్వీసులో చూశాను, అది చెప్తాను.

సైన్యంలో మనిషి పోతే "చనిపోయాడు" అని రాయరు. "క్యాజువాల్టీ" అంటారు. గాయపడినా అదే, కనపడకుండా పోయినా అదే. అందులో మళ్లీ రెండు రకాలు, బ్యాటిల్ క్యాజువాల్టీ, ఫిజికల్ క్యాజువాల్టీ. శత్రువు చేతిలోనో, ఆపరేషన్‌లోనో పోతే మొదటిది. రోడ్డు ప్రమాదం, జబ్బు, గుండెపోటు, ఇట్లాంటివయితే రెండోది. వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ఇంట్లోవాళ్లకి మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. బ్యాటిల్ అని పడితే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతం ఎంతో దాదాపు అంతా వస్తుంది. ఫిజికలే అయినా సర్వీసు వల్ల జరిగింది అని ఒప్పుకుంటే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. సర్వీసుకి సంబంధం లేదు అంటే మామూలు ఫ్యామిలీ పెన్షన్, కొన్నేళ్లు కొంచెం ఎక్కువిచ్చినా చివరికి 30 శాతానికి వచ్చి ఆగుతుంది.

ఈ సంబంధం లేదు అనేదానికి ఒక ముద్ర ఉంది, నానా. "నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్" అని ఇంగ్లిష్‌లో, దాని పొడి అక్షరాలు. అంటే ఆ జబ్బు సైన్యం వల్ల రాలేదు, సైన్యంలో ఉండటం వల్ల ముదరనూ లేదు అని. మా యూనిట్‌లో నాయక్ ర్యాంకు జవాను ఒకడు ఉండేవాడు, మా పక్క మండలం వాడే. ఎత్తు ప్రాంతంలో డ్యూటీ, చలి, నిద్ర లేదు, ఒక తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్లు. భర్తీ అయిననాడు పరుగులో ముందుండేవాడు. ఆయన భార్యకి వచ్చిన కాగితంలో నానా అని ఉంది. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి అడిగింది, "అన్నా, ఇదేదో నానా అని రాశారు, నానా రకాలు అంటారే అదా?" అని. ఏం చెప్పాలో తోచలేదు. నానా తిప్పలు అంటారు కదమ్మా, అదీ ఇది అన్నాను చివరికి.

ఫ్రెండ్లీ ఫైర్, అంటే మనవాళ్లు కొట్టింది మనవాళ్లకే తగలడం, అడగలేదు గానీ అదీ చెప్తా. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ మర్నాడు, శ్రీనగర్ దగ్గర బుడ్గామ్‌లో మన మీ-17 హెలికాప్టర్ కూలింది. లోపల ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్లు, కింద ఉన్న ఒక పౌరుడు కూడా పోయాడు. మొదట్లో "క్రాష్" అనే వచ్చింది అన్ని చోట్లా. అక్టోబర్‌లో కొత్త చీఫ్ గారు వచ్చాక కొట్టింది మన మిసైలే, పెద్ద పొరపాటు అని బయటికి చెప్పారు. చెప్పారు కాబట్టి గౌరవిస్తాను. కానీ మిసైల్ ఎవరిదైనా లోపలున్నవాడికి ఒకటేగా, ఇందులో ఫ్రెండ్లీ ఏముంది?

ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ ఒకాయన శ్రీలంక వెళ్లొచ్చినవాడు. ఐపీకేఎఫ్, ఇండియన్ పీస్ కీపింగ్ ఫోర్స్. శాంతిని కాపాడే దళం అని చెప్పి పంపారట, ఆయుధాలు అప్పగించేవాళ్ల దగ్గర తీసుకోవడం అంతే పని అని. 1987 జూలైలో వెళ్లారు, అక్టోబర్‌కల్లా ఎల్‌టీటీఈతో, అంటే తమిళ పులులతో, పూర్తిస్థాయి యుద్ధం. జాఫ్నా యూనివర్సిటీ గ్రౌండ్‌లో హెలికాప్టర్ల నుంచి దించిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ముప్పై మందిలో ఒక్కడే ప్రాణాలతో మిగిలాడు, వాణ్నీ పట్టుకున్నారు. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి మనవాళ్లు వెయ్యికి పైగా పోయారు. శాంతి దళం అని పేరు పెడితే దానికి తగ్గట్టే మ్యాపులు, సమాచారం ఇచ్చి పంపుతారు బాబూ, మా ఉస్తాద్‌కి కోపం అక్కడ. అవతలివైపు తమిళులూ ఆ పొడి అక్షరాలకి తమ సొంత విస్తరణ ఒకటి పెట్టుకున్నారు, అమాయకుల్ని చంపే దళం అని. ఆయన ఆ రెండూ ఒకే గొంతుతో చెప్పేవాడు.

సూర్యాపేట శీను

హవల్దార్ గారికి నమస్తే. మా ఊరి గురించి, ఇక్కడ ఎవరూ ఎత్తని మాట గురించి చెప్తా. "పోలీస్ యాక్షన్".

మా నాయనమ్మకి పుట్టినరోజు తేదీలు తెలియవు. "పోలీస్ యాక్షన్ అయినంక రెండేండ్లకు మీ పెదనాయిన పుట్టిండు" అనేది. తెలంగాణలో ఆ తరం వాళ్లందరికీ అదొక మైలురాయి. చిన్నప్పుడు నేను నిజంగానే లాఠీలు పట్టుకున్న పోలీసులు వచ్చారనుకునేవాణ్ని. 1948 సెప్టెంబర్ 13న వచ్చింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపిన ఆర్మర్డ్ డివిజన్, అంటే ట్యాంకులు. సోలాపూర్ వైపు నుంచి ఒకటి, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర కింద ఇంకొకటి. పైన టెంపెస్ట్ యుద్ధ విమానాలు. సైన్యం లోపల పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 17న నిజాం చేతులెత్తేశాడు, 18న ఆయన కమాండర్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. పోలీసుల పనికి మిలిటరీ గవర్నర్ ఎందుకయ్యా అని ఎవరూ అడగలేదు.

డాలస్ అన్న చెప్పినట్టు ఆ మాటకి ఒక పని ఉంది. నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపాడు. యుద్ధం అన్నామంటే హైదరాబాద్ వేరే దేశం అని మనమే ఒప్పుకున్నట్టు. పోలీసు చర్య అంటే ఇంట్లో అల్లరిని సర్దడం, బయటివాళ్లకి అందులో మాట్లాడే హక్కు లేదు. లాయర్ బుర్ర అది, బాగానే పనిచేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ మాట మనది కూడా కాదు. 1947 జూలైలో డచ్చివాళ్లు ఇండోనేషియా మీద సైన్యాన్ని దింపి దానికి "పోలీస్ చర్య" అని పేరు పెట్టారు, అది మా వలస రాజ్యం, మా ఇంటి వ్యవహారం అని. ఇండోనేషియా వాళ్లు దాన్ని ఇప్పటికీ సైనిక దురాక్రమణ అనే అంటారు. అప్పుడు దాన్ని భద్రతామండలికి తీసుకెళ్లి గొడవ చేసిన దేశాలు ఆస్ట్రేలియా, ఇండియా! పద్నాలుగు నెలలు తిరగకుండా అదే పేరు మనం హైదరాబాద్‌కి వాడాం. రెండూ ఒకటే అని నేననను, ఇక్కడ రజాకార్ల అరాచకం మామూలుది కాదు, 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని వరసబెట్టి చంపారు, సైన్యం వచ్చినప్పుడు మా ఊళ్లలో జనం ఎదురెళ్లి నీళ్లిచ్చారు. కానీ పేరు మాత్రం అప్పుతెచ్చుకున్నదే. 1950లో కొరియా యుద్ధాన్ని ఇది ఐరాస కింద పోలీస్ యాక్షన్ అనొచ్చా అని ఒక విలేకరి అడిగితే ట్రూమన్ సరిగ్గా అదే అన్నాడు, 36 వేలకు పైగా అమెరికా సైనికులు పోయారు అందులో.

ఇక ఆ పేరు దాచింది ఏంటంటే, ఆ ఐదు రోజుల తర్వాత జరిగింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకార దాడులు. నెహ్రూ స్వయంగా పంపిన సుందర్‌లాల్ కమిటీ నవంబర్, డిసెంబర్‌లలో తిరిగి, తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు అందరికీ అందుబాటులో లేదు, 2013లో ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్‌లో చూడనిచ్చారు. యుద్ధం అనుంటే యుద్ధం తర్వాత ఎంతమంది పోయారని అడిగేవాళ్లు. పోలీస్ యాక్షన్‌కి ఎవరు లెక్క అడుగుతారు? అలాగే నిజాం అయిపోయాక సైన్యం ఇంటికి పోలేదు, భూములు పంచిన కమ్యూనిస్టు దళాల మీద 1951 దాకా ఉంది, అది కూడా అదే పేరు నీడలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు సెప్టెంబర్ 17 వస్తే ఒకరు విమోచనం, ఒకరు విలీనం, ఒకరు విద్రోహం అంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. జెండా ఎగరేసే గ్రౌండ్లు మాత్రం అవే.

ఇంకోటి, మా ఊరి కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో 2020 జూన్ 15న పోయాడు, ఆయనతో కలిపి ఇరవై మంది. ఆ రోజుల్లో పేపర్లలో ఏమని వచ్చేదో గుర్తుందా, "ఫేస్ ఆఫ్", "ఫ్రిక్షన్ పాయింట్", "డిస్‌ఎంగేజ్‌మెంట్". ఫ్రిక్షన్ అంటే రాపిడి. మేకులు కొట్టిన కర్రలతో కొట్టుకుని చచ్చిపోతే రాపిడి ఏంటి?

వైజాగ్ వాసు

అందరూ ఒకే వైపు కొడుతున్నారు కాబట్టి నేను అవతల నిలబడతా, తిట్టుకోకండి.

ఈ మెత్తటి మాటలు లేకపోతే ఇంకా ఎక్కువమంది చస్తారు. 2019 ఫిబ్రవరి 26న మన మిరాజ్ విమానాలు బాలాకోట్ మీద బాంబులు వేసొచ్చాక, పొద్దున విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే చదివిన ప్రకటనలో ఉన్న మాట "నాన్ మిలిటరీ ప్రీఎంప్టివ్ యాక్షన్", అంటే సైన్యం జోలికి పోని ముందస్తు చర్య. మీలాంటివాళ్లు నవ్వారు, యుద్ధ విమానాలతో బాంబులు వేసి నాన్ మిలిటరీ ఏంటని. కానీ ఆ మాట చెప్పింది మనకి కాదు, అవతలి జనరల్స్‌కి. మేం మీ సైన్యం జోలికి రాలేదు, జైష్ ఉగ్రవాదుల క్యాంపునే కొట్టాం, ఇక్కడితో ఆపుకునే దారి మీకు వదిలిపెట్టాం అని. మర్నాడు పాకిస్తాన్ కూడా అలాంటి మాటే వాడింది, మేం కావాలనే ఖాళీ స్థలాల్లో వేశాం అని. సిందూర్ అప్పటి "నాన్ ఎస్కలేటరీ" కూడా అదే లెక్క. రెండు అణ్వస్త్ర దేశాలు ఒకదాని మొహం మీద ఒకటి "యుద్ధం" అని అరుచుకుంటే నీకు హాయిగా ఉంటుందా?

మా ఇంట్లో నేవీ వాళ్లున్నారు. డ్యూటీలో ఉన్న మనిషి "చంపాను" అని రోజూ అనుకుంటూ బతకలేడు. డాక్టర్లు కూడా పేషెంట్ "కొలాప్స్" అయ్యాడంటారు, మనం వాళ్ల మీద పడి ఏడుస్తున్నామా?

సూర్యాపేట శీను

వాసు అన్నా, గోఖలే ప్రకటన విషయంలో ఒప్పుకుంటా, అది నిజంగా తెలివైన మాట. కానీ నువ్వే అన్నావు, అది అవతలివాళ్ల కోసం అని. వాళ్లకి అసలు సంగతి ముందే తెలుసు, బాంబు పడింది వాళ్ల నేల మీదే. మాటతో వాళ్లని మోసం చేయలేం. 1974లో పోఖ్రాన్‌లో పేల్చి "శాంతియుత అణు పేలుడు" అన్నాం, ఎవరైనా నమ్మారా? కెనడా మనతో అణు సహకారం ఆపేసింది, మనలాంటివాళ్లకి సరుకు అందకుండా చూడటానికి న్యూక్లియర్ సప్లయర్స్ గ్రూప్ పుట్టింది. బయటివాళ్లు ఎప్పుడూ మాట చూడరు, పని చూస్తారు. మాట చూసేది మనమే. పోలీస్ యాక్షన్ అన్న మాటని డెబ్బై ఏళ్లు మోసింది ఐరాస కాదు, మా నాయనమ్మ.

నైట్ డెస్క్

నేను ఒక తెలుగు డైలీలో రాత్రి డెస్క్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. పేరు అడగకండి, పేపర్ పేరూ అడగకండి.

ఈ మాటలన్నీ మా చేతుల మీదుగానే మీ దగ్గరికొస్తాయి కాబట్టి మాకూ వాటా ఉంది. మాకు రాయని రూలు ఒకటుంది. మన జవాన్లు "వీరమరణం" పొందుతారు, "అమరులవుతారు", "అసువులు బాస్తారు". అవతలివాళ్లు "హతమవుతారు", ఇంకా ఊపు మీదుంటే "మట్టుబెట్టారు". మధ్యలో ఉన్న ఊరివాళ్లు "మృతి చెందుతారు". ఒకే తూటాకి మూడు క్రియలు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకసారి తారుమారు చేసి పాకిస్తాన్ సైనికులు అసువులు బాశారని పెట్టాడు, పొద్దున ఫోన్లే ఫోన్లు.

అన్నిటికన్నా మనకి దగ్గరి మాట "ఎదురుకాల్పులు". ఇది మిలిటరీ కాదు, పోలీసులది, అయినా తెలుగువాళ్ల చర్చలో ఇది లేకపోతే ఎలా. శ్రీకాకుళంలో 1970 జూలైలో నక్సలైట్ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోయినప్పటినుంచీ ఆ ప్రెస్ నోట్ మూస పెద్దగా మారలేదు. కూంబింగ్ చేస్తుండగా తారసపడ్డారు, లొంగిపొమ్మన్నారు, వినకుండా కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరపగా, చీకట్లో కొందరు తప్పించుకున్నారు. "తారసపడ్డారు" దగ్గర్నుంచి "తప్పించుకున్నారు" దాకా కంప్యూటర్లో సేవ్ చేసి పెట్టుకుంటే జిల్లా పేరు మారిస్తే చాలు. కొన్నిసార్లు అది నిజంగానే జరిగి ఉంటుంది, పోలీసులూ పోయిన సంఘటనలు బోలెడు. కానీ ఏది నిజమో ఆ నోట్ చదివి చెప్పలేం, అదే దాని గొప్పతనం. మేం చేయగలిగింది చివర్లో "అని పోలీసులు తెలిపారు" అని తగిలించడం. హెడ్డింగ్‌లో స్థలం తక్కువైతే ముందు ఎగిరిపోయేది ఆ ముక్కే. 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎఫ్‌ఐఆర్, విడిగా స్వతంత్ర దర్యాప్తు ఉండాలని 16 మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 చూసుకుంటే, మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, మన శ్రీకాకుళం జిల్లా నంబాల కేశవరావుతో సహా 27 మంది పోయినప్పుడు కేంద్రం నుంచి వచ్చిన మాట న్యూట్రలైజ్. దీన్ని తెలుగులో ఏం రాయాలో మా డెస్క్‌లో అరగంట చర్చ. "నిర్వీర్యం" అంటే బాంబుకి వాడతాం, "తటస్థం" అంటే నవ్వుతారు. చివరికి "హతం" అనే పడింది. చూశారా, ఇంగ్లిష్‌లో దాక్కున్నది తెలుగులోకి రాగానే బయటపడిపోతుంది ఒక్కోసారి.

ఓడిపోతున్నవాళ్ల దగ్గర ఈ విద్య ఇంకా బాగుంటుంది. 1943 ఫిబ్రవరిలో గ్వాడల్‌కెనాల్ దీవి నుంచి జపాన్ సైన్యం పారిపోయి వస్తే, వాళ్ల ప్రధాన కేంద్రం "దిశ మార్చుకుని ముందుకు సాగింది" అని ప్రకటించింది. అదే ఏడాది మే నెలలో ఆట్టు దీవిలో దళం మొత్తం తుడిచిపెట్టుకుపోతే "మణి ముక్కలైంది" అని కవిత్వం చెప్పారు. ఇప్పటికీ జపాన్‌లో నమ్మలేని సర్కారీ ప్రకటనకి ఆ కేంద్రం పేరే తిట్టు. రష్యా సంగతి తెలిసిందే, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద మొదలైంది "ప్రత్యేక సైనిక చర్య", యుద్ధం అన్నందుకే జనం మీద కేసులు పెట్టారు, సైన్యం గురించి "అబద్ధపు సమాచారం" ఇస్తే పదిహేనేళ్ల దాకా జైలు అని మార్చిలోనే చట్టం తెచ్చారు. స్నేక్ ఐలండ్ వదిలి వచ్చేస్తే అది "సద్భావ సూచన". ఖార్కివ్ దగ్గర పారిపోతే "పునర్వ్యవస్థీకరణ".

దానికి తెలుగు తోక కూడా ఉంది. రష్యా సైన్యంలో "హెల్పర్" ఉద్యోగం, సెక్యూరిటీ పని, యుద్ధం జోలికి పోనక్కర్లేదు అని ఏజెంట్లు మనదేశం నుంచి కుర్రాళ్లని పంపారు. తీసుకెళ్లి తుపాకీ చేతికిచ్చి ముందు వరసలో నిలబెట్టారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు మాస్కోలో మన ఎంబసీ చెప్పింది, అదే నెలలో సీబీఐ కేసు పెట్టింది. ఆ వార్త దిద్దింది నేనే. హెల్పర్ అన్న ముక్కకి కొటేషన్ మార్కులు పెట్టాను, నా చేతిలో ఉన్నది అంతే.

వైజాగ్ వాసు

డెస్క్ గారూ, మీ మూడు క్రియల దెబ్బకి నా దగ్గర సమాధానం లేదు. కానీ గోఖలే మాట మీద నా మాట నాదే.

పాలకొల్లు కుర్రాడు

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. హవల్దార్ గారూ, ఆ నాయక్ గారి భార్య సంగతి సగంలో ఆపేశారు, ఏమైంది? ఇంకా మా ఊళ్లో ఒకావిడ ఉన్నారు, వాళ్లాయన సర్వీసులో ఉండగానే జబ్బుతో పోయారు, పెన్షన్ చాలా తక్కువ వస్తోందంటారు. ఆ కాగితంలో కూడా నానా అని ఉంటే ఇప్పుడేమైనా చేయొచ్చా?

మాజీ హవల్దార్, మార్కాపురం

ఆ అమ్మాయికి వచ్చింది తమ్ముడూ, ఊరికే రాలేదు. అప్పీలు వేసింది, తిప్పి పంపారు, సైన్యం కేసులు చూసే ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లింది, కొన్నేళ్లు పట్టింది, చివరికి ఆట్రిబ్యూటబుల్ అని మార్చారు. స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది, బకాయిలూ వచ్చాయి.

మీ ఊరావిడకి చెప్పు, ముందు పెన్షన్ ఆర్డర్ తీసి చూడమను, ఆర్డినరీ అని ఉందా, స్పెషల్ అని ఉందా. ఆర్డినరీ అని ఉంటే, మెడికల్ కాగితాల కాపీలు, ఎక్కడెక్కడ పోస్టింగ్ చేశాడో ఆ వివరాలు ఇమ్మని రికార్డ్ ఆఫీస్‌కి రాయాలి, ఇవ్వకపోతే ఆర్టీఐ వేయాలి. భర్తీ అయినప్పుడు ఆ జబ్బు ఉన్నట్టు డాక్టర్ రాశాడా లేదా అన్నది అసలు కీలకం. రాయకపోతే అది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది సర్కారే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది డిజబిలిటీ పెన్షన్ కేసు, కానీ లాయర్లు ఇలాంటివాటిల్లోనూ దాన్నే పట్టుకుంటారు. మన ఆంధ్రావాళ్లకి ట్రిబ్యునల్ చెన్నై బెంచ్. ఏజెంట్లెవరికీ డబ్బులివ్వొద్దు, ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమను, అప్పీలు ఎలా రాయాలో అక్కడ చెప్తారు. ఎన్నేళ్లయింది ఆయన పోయి? ఏ రెజిమెంట్? నాకు విడిగా మెసేజ్ పెట్టు, ఇక్కడ పేర్లు రాయకు.